ఖోయిసాన్ క్లిక్ భాషల వర్గీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా భాషల గురించి చదివేవారికి 'ఖోయిసాన్' అన్న పేరు త్వరగానే ఎదురవుతుంది. ఆ పేరు కింద ఏ భాషలున్నాయి, వాటిని ఒకచోట చేర్చింది ఎవరు, ఇప్పుడు ఎందుకు విడదీస్తున్నారు అన్న విషయాలపై పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఒక మనవి: క్లిక్ ధ్వనులకు తెలుగు లిపిలో అక్షరాలు లేవు. కాబట్టి ఈ వ్యాసంలోని భాషల పేర్లలో క్లిక్కులను వదిలి, మిగిలిన ధ్వనులను మాత్రమే రాశాం. ఉచ్చారణ తెలుసుకోవాలంటే రికార్డింగులు వినక తప్పదు.

ఖోయిసాన్ అనేది ఒక భాషా కుటుంబమా?

కాదు. ఒకే మూలభాష నుంచి పుట్టినట్లు నిరూపితమైన భాషలను మాత్రమే కుటుంబం అంటారు. ఖోయిసాన్ భాషల విషయంలో అటువంటి నిరూపణ ఇంతవరకూ జరగలేదు. ఈ పేరు కింద కనీసం ఐదు వేర్వేరు వంశాలున్నాయని ఈ రంగంలో పనిచేసేవారిలో ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా, అంగోలా ప్రాంతాల్లో క్ఖా, తూ, ఖోయ్-క్వాడి అనే మూడు కుటుంబాలున్నాయి. వాటికి వేల కిలోమీటర్ల దూరంలో, తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో, సండావే, హాడ్జా అనే రెండు భాషలు విడివిడిగా ఉన్నాయి. వీటిలో సండావేకు ఖోయ్-క్వాడి కుటుంబంతో దూరపు చుట్టరికం ఉండవచ్చు. హాడ్జాకు ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు.

'ఖోయిసాన్' అన్న పదం నేటికీ వాడుకలో ఉంది. కానీ దాన్ని వాడే భాషావేత్తలు 'బంటూ కుటుంబానికీ, కుషిటిక్ శాఖకూ చెందని ఆఫ్రికా క్లిక్ భాషలు' అన్న అర్థంలోనే వాడుతున్నారు (బంటూ మధ్య, దక్షిణ ఆఫ్రికాల్లో విస్తరించిన పెద్ద భాషా సమూహం, కుషిటిక్ ఈశాన్య ఆఫ్రికా భాషల శాఖ). అంటే అది ఒక సౌకర్యం కోసం పెట్టుకున్న పేరు మాత్రమే, వంశనామం కాదు.

క్లిక్ ధ్వని అంటే ఏమిటి? అది తెలుగులో లేదా?

నాలుక వెనుక భాగాన్ని మెత్తని అంగిలికి ఆనించి, ముందు మరొకచోట పెదవులతోనో నాలుక కొనతోనో నోటిని మూసి, ఆ రెండు మూతల మధ్య చిక్కిన గాలిని నాలుక కదలికతో పలుచబరచి, ముందున్న మూతను ఒక్కసారిగా తెరిస్తే గాలి లోపలికి దూసుకువచ్చి పుట్టే చప్పుడే క్లిక్. ఎవరి కష్టమైనా విన్నప్పుడు మనం జాలిగా నాలుకతో చేసే 'చ్చ్ చ్చ్' అన్న చప్పుడు దంత్య క్లిక్కే. ఎడ్లను అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు పార్శ్విక క్లిక్. అయితే తెలుగులో ఇవి భావసూచకాలుగా మిగిలిపోయాయి తప్ప ఏ మాటలోనూ అక్షరంగా చేరలేదు. ఆఫ్రికాలోని ఈ భాషల్లో మాత్రం క్లిక్కులు మన క, ట, ప లాగే హల్లులు. ఒక క్లిక్ బదులు మరొకటి పలికితే మాట అర్థమే మారిపోతుంది.

స్థానాన్ని బట్టి ప్రధానంగా ఐదు రకాలున్నాయి: ఓష్ఠ్య, దంత్య, దంతమూలీయ, తాలవ్య, పార్శ్విక క్లిక్కులు. ప్రతి స్థానానికీ నాదం, అనునాసికత, మహాప్రాణత, గళబిలం మూసి పలకడం వంటి తోడు లక్షణాలు కలుస్తాయి. నమీబియాలోని ఖోయ్‌ఖోయ్ భాషలో నాలుగు స్థానాలు, ఐదు తోడు లక్షణాలు కలిసి మొత్తం 20 క్లిక్ హల్లులు ఏర్పడతాయి. బోట్స్వానాలోని తా భాష ఇంకా ముందుకు వెళుతుంది. భాషావేత్త ఆంథొనీ ట్రెయిల్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ప్రకారం అందులో క్లిక్ హల్లులే 80కి పైగా ఉన్నాయి. ప్రపంచంలో ఇప్పటివరకూ వర్ణించిన భాషల్లో హల్లుల సంఖ్య అత్యధికంగా ఉన్నవాటిలో అది ఒకటి. క్లిక్కుల కోసం నిలువు గీతలు, ఆశ్చర్యార్థకం వంటి గుర్తులు 19వ శతాబ్దం నుంచే పండితుల రాతల్లో ఉన్నా, అంతర్జాతీయ ధ్వని లిపి వాటిని అధికారికంగా స్వీకరించింది 1989లోనే.

ఖోయిసాన్ అన్న పేరు ఎవరు పెట్టారు?

జర్మన్ పండితుడు లియొన్‌హార్డ్ షుల్ట్సె 1928లో ఈ పేరు కల్పించాడు. పశువుల కాపరులైన ఖోయ్‌ఖోయ్ ప్రజలనూ, వేట మీదా అడవి దుంపల మీదా బతికే సాన్ ప్రజలనూ శారీరక లక్షణాల ఆధారంగా ఒకే జాతిగా చూపించడం ఆయన ఉద్దేశం. 1930లో మానవశాస్త్రవేత్త ఐజక్ షపేరా వాడిన తర్వాత ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది. అంటే భాషలకు అంటించడానికి ముందు ఇది మనుషుల ఒడ్డూపొడుగుల గురించి పెట్టిన పేరు. ఇప్పటి గందరగోళంలో కొంత భాగానికి మూలం అక్కడే ఉంది. వలస పాలకులు వాడిన 'బుష్‌మన్', 'హాటెంటాట్' అన్న పాత పేర్లలో రెండోది నేడు కేవలం తిట్టుగా మిగిలింది. మొదటిదాన్ని కొందరు సాన్ ప్రజలు తమకు తామే వాడుకున్నా, బయటివారు వాడకపోవడమే మర్యాద. 'సాన్' అన్నది కూడా పొరుగువారు పెట్టిన పేరే. అందువల్ల వీలైనచోట జుహోన్, నారో, ఖ్వే వంటి స్వంత పేర్లు వాడటం మంచిది.

గ్రీన్‌బర్గ్ కంటే ముందు ఈ భాషలను ఎలా చూసేవారు?

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినవాడు విల్‌హెల్మ్ బ్లీక్. కేప్‌టౌన్‌లో స్థిరపడిన ఈ జర్మన్ భాషావేత్త, ఆయన మరదలు లూసీ లాయిడ్, 1870 దశకంలో తూ కుటుంబంలోని ఖామ్ భాష మాట్లాడే ఖైదీలను బ్రేక్‌వాటర్ జైలు నుంచి తమ ఇంటికి రప్పించుకుని, వారి దగ్గర భాష నేర్చుకుని, కథలూ పాటలూ జ్ఞాపకాలూ రాసుకున్నారు. కాబ్బో అనే వృద్ధుడు వారికి ముఖ్యమైన గురువు. పన్నెండు వేల పుటలకు పైబడిన ఆ నోటు పుస్తకాలను యునెస్కో 1997లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మాట్లాడేవారు మిగలకుండా పోయిన ఖామ్ భాష గురించి ఇంత వివరంగా తెలియడానికి ఆ పుస్తకాలే ఆధారం. దక్షిణాఫ్రికా 2000లో స్వీకరించిన జాతీయ చిహ్నం మీద ఉన్న నినాదం ఈ భాషలోనిదే.

బ్లీక్ కాలంలోనే ఒక విషయం స్పష్టమైంది. ఖోయ్‌ఖోయ్ వ్యాకరణం, ఖామ్ వ్యాకరణం ఒకదానితో ఒకటి పొసగవు. ఖోయ్‌ఖోయ్‌లో పుంలింగం, స్త్రీలింగం, రెండూ కలిసిన సామాన్య లింగం, వాటితోపాటు ఏకవచనం, ద్వివచనం, బహువచనం ప్రత్యయాలతో కచ్చితంగా తెలుస్తాయి. ఖామ్‌లో అటువంటి ఏర్పాటు లేదు. ఈ తేడాను గమనించడం సరైనదే. కానీ దాన్నుంచి తీసిన తీర్మానం దారి తప్పింది. జర్మన్ భాషావేత్త కార్ల్ మైన్‌హోఫ్ 1912లో ఖోయ్‌ఖోయ్‌ను ఉత్తర ఆఫ్రికాలోని 'హామిటిక్' భాషల్లో కలిపాడు. లింగభేదం ఉన్న భాష ఉన్నతమైనదనీ, పశుపోషణ, లింగభేదం రెండూ ఉత్తరం నుంచి దిగివచ్చిన లేత రంగు చర్మపు జనం తెచ్చినవనీ అప్పటి ఐరోపా పండితులు కొందరు నమ్మేవారు. ఆ నమ్మకానికి భాషాశాస్త్రం ముసుగు వేసినట్లయింది.

విల్‌హెల్మ్ కూతురు డొరొథియా బ్లీక్ ఈ పనిని మరింత జాగ్రత్తగా కొనసాగించింది. స్వయంగా ఊళ్లు తిరిగి, పదాలు సేకరించి, 1920 దశకం చివర ఆమె వేటగాళ్ల భాషలను ఉత్తర, మధ్య, దక్షిణ అని మూడు గుంపులుగా విడదీసింది. ఆ మూడూ ఇవాళ మనం జు (క్ఖా కుటుంబంలో ఒక శాఖ), ఖోయ్ (ఖోయ్-క్వాడిలో ఒక శాఖ), తూ అని పిలిచేవాటితో చాలావరకు సరిపోతాయి. గుంపుల హద్దులు ఆమె బాగానే గుర్తించింది. చిక్కంతా ఆ మూడింటినీ ఒకే గొడుగు కింద చేర్చడంలో వచ్చింది.

గ్రీన్‌బర్గ్ వర్గీకరణ ఎందుకు నిలబడలేదు?

అమెరికన్ భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1949 నుంచి వరుస వ్యాసాల్లోనూ, 1963లో వెలువరించిన గ్రంథంలోనూ ఆఫ్రికా భాషలన్నిటినీ నాలుగు మహాకుటుంబాలుగా కుదించాడు. వాటిలో ఒకటి ఖోయిసాన్. డొరొథియా బ్లీక్ చెప్పిన మూడు గుంపులనూ 'దక్షిణాఫ్రికా ఖోయిసాన్' అన్న శాఖగా చేసి, సండావేనూ హాడ్జానూ మరో రెండు శాఖలుగా చేర్చాడు. మైన్‌హోఫ్ జాతివాద ఊహలను తుడిచిపెట్టడం గ్రీన్‌బర్గ్ చేసిన గొప్ప మేలు. భాషను భాషా సాక్ష్యంతోనే తూచాలి, చర్మం రంగుతోనూ పశువుల మందతోనూ కాదని ఆయన పట్టుబట్టాడు.

అయితే ఆయన వాడిన పద్ధతి సామూహిక పోలిక. చాలా భాషల పదపట్టికలను పక్కపక్కన పెట్టి, పోలి ఉన్న మాటలను ఏరి, అవి ఎక్కువగా ఉన్నచోట బంధుత్వం ఉందనడం ఈ పద్ధతి. అది అన్వేషణకు పనికొస్తుంది, నిరూపణకు చాలదు. ఎందుకంటే రెండు భాషల మధ్య పోలికలు నాలుగు విధాలుగా రావచ్చు: యాదృచ్ఛికంగా, ధ్వన్యనుకరణ వల్ల, ఎరువు తెచ్చుకోవడం వల్ల, లేదా ఒకే తల్లి నుంచి పుట్టడం వల్ల. నాలుగోదే కారణమని చెప్పాలంటే 'ఈ భాషలో ఫలానా ధ్వని ఉన్న ప్రతిచోటా ఆ భాషలో ఫలానా ధ్వని ఉంటుంది' అన్న క్రమబద్ధమైన సంబంధాన్ని చూపించాలి.

ఈ వాదం తెలుగువారికి కొత్తది కాదు. తెలుగులో సంస్కృత పదాలు కొల్లలుగా ఉన్నాయి కాబట్టి తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు, తమిళం, కన్నడాల మూల ధాతువులను పక్కపక్కన చూపి, ఆ భాషల బంధుత్వం పరస్పరమే తప్ప సంస్కృతంతో కాదని వాదించాడు. ఎరువు తెచ్చుకున్న సరుకును తీసి పక్కన పెడితే తప్ప వంశం తెలియదు. ఖోయిసాన్ విషయంలో గ్రీన్‌బర్గ్ ఆ వడపోత సరిగా చేయలేదు. ఆయన పట్టికల్లో క్లిక్కులున్న మాటలు అనేకం ఉన్నాయి, కానీ ఆ మాటలే పొరుగు భాషల మధ్య అత్యంత సులువుగా చేతులు మారినవి.

భాషావేత్త ఎర్నెస్ట్ వెస్ట్‌ఫాల్ ఈ ఏకకుటుంబ వాదాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించాడు. క్షేత్రంలో అనేక ఏళ్లు గడిపిన ఆయన 1971 నాటికి ఈ భాషలను పరస్పర సంబంధం లేని అనేక వంశాలుగా చూపాడు. 1998లో బానీ సాండ్స్ గ్రీన్‌బర్గ్ సూచించిన పోలికలను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో బంధుత్వాన్ని నిరూపించే బలం లేదని తేల్చింది. తర్వాత టామ్ గ్యుల్డెమాన్ చేసిన పని వల్ల నేటి ఐదు వంశాల చిత్రం స్థిరపడింది.

ప్రపంచంలో ఇంత అరుదైన క్లిక్కులు అందరికీ ఉన్నప్పుడు అవే బంధుత్వానికి సాక్ష్యం కావా?

చాలామందికి వచ్చే సందేహం ఇదే. అరుదైన లక్షణం బలమైన సాక్ష్యమని అనిపించడం సహజం. కానీ క్లిక్కులు ఎరువు తెచ్చుకోదగినవని చెప్పడానికి కళ్లెదుట ఉదాహరణలున్నాయి. జులూ, ఖోసా నిస్సందేహంగా బంటూ భాషలు. వాటి వ్యాకరణమంతా స్వాహిలి పక్కన పెట్టి చదవవచ్చు. అయినా వాటిలో మూడు స్థానాల క్లిక్కులున్నాయి. ఆ రెండింటినీ మాతృభాషలుగా మాట్లాడేవారు రెండు కోట్లకు పైనే ఉంటారు కాబట్టి, ఈ భూమ్మీద రోజూ క్లిక్కులు పలికేవారిలో అత్యధికులు 'ఖోయిసాన్' భాషలవారు కానే కారు. దక్షిణ సోతో భాషలోనూ, ఒకవాంగో నది పరిసరాల్లోని యేయి వంటి బంటూ భాషల్లోనూ క్లిక్కులు చేరాయి.

అవి ఎలా చేరాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న. వేటగాళ్ల, పశుపాలకుల కుటుంబాల నుంచి స్త్రీలు బంటూ ఇళ్లకు కోడళ్లుగా వచ్చారు. దానికితోడు జులూ, ఖోసా ఇళ్లలో 'హ్లొనిపా' అనే మర్యాద ఉంది. కోడలు మామగారి పేరును గానీ, ఆ పేరులోని ధ్వనులున్న మామూలు మాటలను గానీ పలకకూడదు. మొగుడి పేరు నోట పలకని మన పాతకాలపు ఇల్లాళ్ల పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది గానీ, ఇక్కడ నిషేధం ధ్వనుల దాకా పాకింది. నిషిద్ధమైన ధ్వని స్థానంలో మరో ధ్వని పెట్టాలంటే, పరాయి భాషనుంచి తెచ్చిన క్లిక్ ఎంతో అనువుగా ఉండేది. క్లిక్కులు ఇలా ఎరువు మాటలను దాటి స్వంత మాటల్లోకీ ప్రవేశించాయని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇంకా దూరంగా చూస్తే, కెన్యా తీరంలో 'దహాలో' అనే భాష ఉంది, అది కుషిటిక్ శాఖకు చెందినది. అందులోనూ కొన్ని పదుల మాటల్లో దంత్య క్లిక్కులున్నాయి. ఒకప్పుడు అక్కడ క్లిక్ భాష మాట్లాడినవారు కుషిటిక్ భాషకు మారిపోయి, కొన్ని పాత మాటలను వెంట తెచ్చుకుని ఉండవచ్చన్నది ఒక ఊహ. ఆస్ట్రేలియాలోని మార్నింగ్టన్ దీవిలో లార్డిల్ పురుషులు దీక్ష తర్వాత నేర్చుకునే 'డమిన్' అనే ప్రత్యేక వాగ్రూపంలోనూ క్లిక్కులుండేవి. దానికి ఆఫ్రికాతో ఏ సంబంధమూ లేదు.

రాకడ ఉన్నట్లే పోకడా ఉంది. బోట్స్వానా తూర్పు భాగంలోని షువా, చ్వా భాషలు ఖోయ్ కుటుంబంలోవే అయినా, వాటిలో చాలా మాటల్లో క్లిక్కులు పోయి మామూలు హల్లులు మిగిలాయి. ఇలా వచ్చే, పోయే లక్షణాన్ని పట్టుకుని వంశవృక్షం గీయడం కుదరదు.

దక్షిణాదిలోని మూడు కుటుంబాల వివరాలేమిటి?

ఖోయ్-క్వాడి వాటిలో పెద్దది. ఇందులోని ఖోయ్ శాఖ మూలభాషను రైనర్ ఫోసెన్ 1997లో క్రమపద్ధతిలో పునర్నిర్మించాడు కాబట్టి, ఈ శాఖ గురించి ఎవరికీ అనుమానం లేదు. నమీబియాలో నామా, డమారా ప్రజలు మాట్లాడే ఖోయ్‌ఖోయ్, ఘాంజీ ప్రాంతపు నారో, మధ్య కలహారిలోని గుయ్, గానా, ఒకవాంగో వైపున ఉన్న ఖ్వే, తూర్పున షువా, చ్వా ఇందులోవి. వీటిలో సాధారణంగా కర్త, కర్మ, క్రియ అన్న వరుస ఉంటుంది, విభక్తులు నామం తర్వాత వస్తాయి. తెలుగువారికి ఈ వాక్యాల నడక పరిచితంగా అనిపిస్తుంది. ఆ పరిచయాన్ని చూసి ఎవరూ ఖోయ్ భాషలను ద్రావిడ భాషలనరు కదా! వాక్యనిర్మాణ సామ్యం బంధుత్వం కాదనడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు.

తూ కుటుంబంలో ఒకప్పుడు దక్షిణాఫ్రికా అంతటా వ్యాపించిన క్వీ శాఖ భాషలూ, కలహారిలో నేటికీ నిలిచిన తా భాషా ఉన్నాయి. ఖామ్, నూ క్వీ శాఖలోవి. ఓష్ఠ్య క్లిక్కులు ఈ కుటుంబపు ముఖ్య లక్షణం. వలస కాలంలో అత్యధికంగా నష్టపోయిన కుటుంబం కూడా ఇదే.

క్ఖా కుటుంబంలో రెండే శాఖలు. ఒకటి అంగోలా, నమీబియా, బోట్స్వానాల్లో ఖున్, జుహోన్ వంటి పేర్లతో పరచుకున్న జు మాండలికాల గొలుసు. రెండోది బోట్స్వానాలో కొద్దిమంది వృద్ధుల నోట మిగిలిన అంకోయ్.

క్ఖా కుటుంబం ఎలా రుజువైంది?

ఈ కథ వర్గీకరణ పద్ధతికి మంచి పాఠం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. అంకోయ్ భాషలోని ఒక మాండలికాన్ని హోన్ అనేవారు. 1970 దశకంలో దాన్ని పరిశీలించినవారికి అది ఉత్తర గుంపుదా, దక్షిణ గుంపుదా అన్నది అంతుబట్టలేదు. అందులో ఓష్ఠ్య క్లిక్కులున్నాయి. అవి జు మాండలికాల్లో లేవు, తూ భాషల్లో ఉన్నాయి. చెవికి వినబడేదాన్ని బట్టి తీర్పు చెబితే అది దక్షిణపు భాష కావాలి. మాటలు చూస్తే ఉత్తరం వైపు మొగ్గు కనిపించేది. అందువల్ల చాలాకాలం దాన్ని ఏకాకిగా పక్కన పెట్టారు.

2010లో బెర్న్‌ట్ హైనె, హెన్రీ హాన్కెన్ ఈ భాషకూ జు మాండలికాలకూ మధ్య క్రమబద్ధమైన ధ్వని సంబంధాలను చూపి, రెండింటినీ ఒకే కుటుంబంగా ప్రతిపాదించారు. 'నేల' అన్న అర్థంలో రెండు వైపులా ఉన్న మాటనే కుటుంబానికి పేరుగా పెట్టారు. క్రమబద్ధత అంటే ఏమిటో జు మాండలికాల్లోనే గమనించవచ్చు. 'నీరు' అన్న మాటలో అంగోలా వైపు పార్శ్విక క్లిక్, ఆగ్నేయాన ఉన్న జుహోన్‌లో దంతమూలీయ క్లిక్, మధ్యనున్న గ్రూట్‌ఫోంటైన్ ప్రాంతంలో మూర్ధన్య క్లిక్ (నాలుక కొన వెనక్కి మడిచి పలికేది) పలుకుతారు. ఇదే తీరు మరెన్నో మాటల్లో తప్పకుండా కనబడుతుంది. అందుకే మూలభాషలో దంత్య, దంతమూలీయ, తాలవ్య, పార్శ్విక క్లిక్కులకు భిన్నమైన మరో క్లిక్ ఉండేదని చెప్పగలుగుతున్నారు. ఒకే క్లిక్ రెండు భాషల్లో ఉండటం రుజువుగా నిలవలేదని, వేర్వేరు క్లిక్కులు ఒక క్రమంలో ఎదురెదురుగా రావడమే రుజువుగా నిలిచిందని గమనించాలి.

క్వాడి, సండావే భాషల సంగతేమిటి?

క్వాడి అంగోలా నైరుతి మూలలో మాట్లాడిన భాష. ఇప్పుడు అంతరించింది. దాని గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం వెస్ట్‌ఫాల్ రాసుకున్న క్షేత్ర నోట్సు ద్వారానే తెలుస్తోంది. అంత కొద్ది సామగ్రితోనే గ్యుల్డెమాన్ 2004లో, ముఖ్యంగా సర్వనామాల పోలికల ఆధారంగా, క్వాడికి ఖోయ్ శాఖతో బంధుత్వం ఉందని వాదించాడు. సర్వనామాలు ఒక్కొక్కటిగా ఎరువు రావడం అరుదు, అవి ఒక వ్యవస్థగా కలిసి ఉంటాయి. కాబట్టి ఈ వాదానికి బరువు ఉంది.

సండావే టాంజానియా మధ్యలోని డొడోమా ప్రాంతపు భాష. మాట్లాడేవారు సుమారు 60,000 మంది. జర్మన్ వలస కాలంలో ఒట్టో డెంప్‌వోల్ఫ్ సేకరించిన సామగ్రి 1916లో వెలువడింది. 2010లో గ్యుల్డెమాన్, ఎడ్వర్డ్ ఎల్డర్కిన్ కలిసి సండావేనూ ఖోయ్-క్వాడినీ పోల్చారు. 'నేను' అన్న సర్వనామం సండావేలో 'త్సి', క్వాడిలో 'చి', కలహారి ఖోయ్ భాషల్లో 'తి'. ఇటువంటి పోలికలు సర్వనామాల్లోనూ కొన్ని మౌలిక పదాల్లోనూ ఉన్నాయి. ఆశాజనకమైన సాక్ష్యమే, కానీ ధ్వని సంబంధాల పట్టిక పూర్తి కావడానికి తగినన్ని జ్ఞాతి పదాలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు) ఇంకా చేతికి రాలేదు. 'అవకాశం ఉంది, రుజువు కాలేదు' అనడమే ఇక్కడ న్యాయం.

హాడ్జా ఎందుకు వేరు?

ఎయాసీ సరస్సు పరిసరాల్లో సుమారు వెయ్యిమంది మాట్లాడే ఈ భాషను పక్కనే ఉన్న సండావేతో పోల్చినా, దూరాన ఉన్న జు మాండలికాలతో పోల్చినా, యాదృచ్ఛికతకు మించిన పోలికలు తేలడం లేదు. క్లిక్కుల ప్రవర్తన కూడా వేరు. దక్షిణాదిలో క్లిక్ దాదాపు ఎప్పుడూ ధాతువు మొదట్లోనే వస్తుంది, హాడ్జాలో మాట మధ్యలోనూ నిరాటంకంగా వస్తుంది. మాట్లాడేవారు తక్కువైనా పిల్లలు నేటికీ ఈ భాష నేర్చుకుంటున్నారు.

మూడు దక్షిణాది కుటుంబాలకు బంధుత్వం లేకపోతే అవి ఒకదాన్ని ఒకటి ఎందుకు పోలి ఉన్నాయి?

కలిసి బతకడం వల్ల. గ్యుల్డెమాన్ దీన్ని కలహారి పరీవాహక భాషామండలం అంటాడు. మన దేశం దీనికి సరైన జోడు. ట, డ, ణ వంటి మూర్ధన్యాలు ద్రావిడ భాషల్లోనూ, హిందీ, మరాఠీ వంటి భారతీయ ఆర్య భాషల్లోనూ, ముండా భాషల్లోనూ ఉన్నాయి. ఈ మూడు కుటుంబాలూ వేర్వేరు. 'అని' వంటి మాటతో ఇతరుల పలుకును ఉటంకించే పద్ధతి కూడా కుటుంబాల హద్దులు దాటింది. 1956లో భాషావేత్త ఎమెనో భారతదేశాన్ని ఒక భాషామండలంగా వర్ణించింది ఇటువంటి సాక్ష్యంతోనే. కలహారిలోనూ వేల ఏళ్లపాటు పెళ్లిళ్లు, ద్విభాషిత్వం, భాష మార్చుకోవడం జరిగాయి. ఖోయ్‌ఖోయ్ భాష దక్షిణానికి విస్తరించినప్పుడు క్వీ భాషల జనం అందులో కలిసిపోయి తమ ధ్వనులను తోడు తెచ్చారు.

జన్యు పరిశోధనలు ఈ వివాదాన్ని తేల్చలేవా?

తేల్చలేవు, కానీ పనికొస్తాయి. 2003లో అలెక్ నైట్ బృందం హాడ్జా, జుహోన్ ప్రజల వంశరేఖలు పదుల వేల ఏళ్ల క్రితమే విడిపోయాయని చూపి, క్లిక్కులు అంతటి ప్రాచీనమైనవి కావచ్చని సూచించింది. ఈ తర్కంలో ఒక మెట్టు లోపించింది. మనిషి జన్యువులను మార్చుకోలేడు, భాషను ఒక తరంలో మార్చుకోగలడు. నారో మాట్లాడేవారు జన్యుపరంగా జు ప్రజలకు దగ్గర, మాట్లాడేది మాత్రం ఖోయ్ భాష. డమారా, హైఓమ్ ప్రజల పూర్వచరిత్ర నామా ప్రజలది కాదు, అయినా ముగ్గురిదీ ఒకే ఖోయ్‌ఖోయ్.

జన్యుశాస్త్రం నిజంగా సాయపడినచోటు వేరే ఉంది. పెద్దయ్యాక కూడా పాలను జీర్ణం చేసుకునేలా చేసే తూర్పు ఆఫ్రికా జన్యు మార్పు నామా ప్రజల్లో కనిపించింది. సుమారు 2,000 ఏళ్ల క్రితం గొర్రెలు దక్షిణాదికి చేరాయని పురావస్తు సాక్ష్యం చెబుతోంది. ఈ రెండూ, సండావేతో ఖోయ్-క్వాడికి ఉన్న పోలికలూ కలిపి చూస్తే, ఖోయ్ మూలభాష తూర్పు నుంచి పశుపాలకులతో వచ్చిందన్న ప్రతిపాదన బలపడుతుంది. నిజమైతే, దక్షిణాదిలో క్ఖా, తూ కుటుంబాలే పాత కాపులు, ఖోయ్ తర్వాత వచ్చినది.

ఇవి మానవజాతి తొలి భాషలు అంటారు, నిజమేనా?

నిజం కాదు. నేడు పలికే ప్రతి భాషకూ వెనుక అంతే దీర్ఘమైన చరిత్ర ఉంది, ప్రతిదీ ఆ కాలమంతా మారుతూనే వచ్చింది. క్రమబద్ధమైన ధ్వని సంబంధాలను వెతికే తులనాత్మక పద్ధతి చూపు ఎనిమిది, పదివేల ఏళ్లకు మించి ఆనదు. ఈ ప్రజలు 'ఆదిమ స్థితి'లో ఆగిపోయారన్న వలసకాలపు ఊహ ఈ ప్రశ్నలో ఇంకా తొంగిచూస్తోంది.

విస్తృత బంధుత్వాన్ని సమర్థించేవారు ఇప్పుడెవరూ లేరా?

ఉన్నారు. క్రిస్టఫర్ ఎరెట్ 1986లో మొత్తం ఖోయిసాన్ మూలభాషను పునర్నిర్మించే ప్రయత్నం చేశాడు. జార్జి స్టారోస్టిన్ మౌలిక పదజాలపు లెక్కలతో, హాడ్జాను మినహాయించి, మిగిలినవాటి మధ్య చాలా లోతైన సంబంధం ఉండవచ్చని వాదిస్తున్నాడు. వీటిని కొట్టిపారేయనవసరం లేదు. క్ఖా కుటుంబం 2010 దాకా తేలలేదంటే రేపు మరొకటి తేలవచ్చు. అయితే రుజువు చూపవలసిన భారం బంధుత్వం ఉందనేవారిదే.

ఈ భాషలు నేడు ఏ స్థితిలో ఉన్నాయి?

ఖోయ్‌ఖోయ్‌కు సుమారు రెండు లక్షలమంది ఉన్నారు. నమీబియాలో బడుల్లోనూ రేడియోలోనూ అది వినిపిస్తుంది. నారోకు పదివేలకు అటూఇటూ, తా భాషకు మూడు వేలలోపు. నూ భాషను 1970 దశకంలోనే అంతరించినట్లు భావించారు, 1990 దశకం చివర ఎల్సీ వాల్‌బోయి అనే వృద్ధురాలు తాను మాట్లాడతానని ముందుకు రావడంతో మరికొందరు బయటపడ్డారు. వారిలో కత్రినా ఎసావ్ అపింగ్టన్‌లో పిల్లలకు ఆ భాష నేర్పింది. 2014లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆమెను 'ఆర్డర్ ఆఫ్ ది బావోబాబ్'తో గౌరవించింది. కింబర్లీ దగ్గరి ప్లాట్‌ఫోంటైన్‌లో కథ మరోలా ఉంది. దక్షిణాఫ్రికా సైన్యంలో పనిచేసి, 1990లో అంగోలా, నమీబియాల నుంచి తరలివచ్చిన ఖున్, ఖ్వే కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఈ రెండు భాషలూ ఒకే రేడియో కేంద్రం నుంచి ప్రసారమవుతాయి.

ఒకే భాషకు ఇన్ని పేర్లు ఎందుకు కనిపిస్తాయి?

మాట్లాడేవారు ఒకటి, పొరుగువారు ఒకటి, మతప్రచారకులు ఒకటి, పండితులు తలా ఒకటి పెట్టారు. పైగా క్లిక్కులను రాసే పద్ధతులు వేరు. నారో లిపి మామూలు రోమన్ అక్షరాలతోనే సరిపెడుతుంది, జుహోన్ లిపి నిలువు గీతలను ఉంచుకుంది. పాత పుస్తకాలు చదివేటప్పుడు ఊరి పేరు, సేకరించిన సంవత్సరం చూసి పోల్చుకోవడం క్షేమం.

ఆఫ్రికా భాషల పటంలో ఖోయిసాన్‌కు ఒకే రంగు వేయవచ్చా?

వేయకపోవడం మంచిది. చోటు లేక తప్పనిసరైతే, సూచికలో 'బంటూ, కుషిటిక్ కాని క్లిక్ భాషలు, ఒకే కుటుంబం కావు' అని రాయాలి. చోటుంటే దక్షిణాదిలో క్ఖా, తూ, ఖోయ్-క్వాడిలకు మూడు రంగులు, టాంజానియాలో రెండు వేర్వేరు చుక్కలు పెట్టి, సండావే చుక్క దగ్గర ప్రశ్నార్థకంతో ఖోయ్-క్వాడి రంగును చూపించవచ్చు. హాడ్జాకు ఏ రంగుతోనూ పంచుకోని రంగు ఇవ్వాలి.